నీడ వైపు గేటు

2025 అక్టోబర్ 3, శుక్రవారం

ఈరోజు మొదటి ఆశ్చర్యం: సమీయుల్లా సార్ మా ఇంటికి వచ్చాడు. బాపు కోసం కాదు, నా కోసం.

ఈ గల్ఫ్ దేశంలో మా ఇల్లు హమ్రియాలో, మూడో అంతస్తు. లిఫ్టు లేదు. బాపు పనిచేసే కంపెనీకి మేనేజర్ అయిన మనిషి అన్ని మెట్లు ఎక్కి వచ్చాడంటే అమ్మ కంగారుపడి నిన్నటి దసరా గారెలు ప్లేటులో పెట్టి ఇచ్చింది. ఆయన ఒకటి తిని, రెండోది చేతిలో పట్టుకునే మాట్లాడాడు.

"సురేందర్ భాయ్, మీ బిడ్డ బతుకమ్మ ప్రోగ్రాంల మైకు పట్టుకొని మాట్లాడుతుంటే నేను విన్న. క్యా ఆవాజ్ హై! ఆ ఆవాజ్ నాకు కావాలె."

సంగతి ఇది. సీబ్ దగ్గరి మైదానంలో రగ్బీ లీగ్ పోటీలు మొదలయ్యాయి. నాలుగు దేశాల జట్లు వచ్చాయి. ఆ మైదానంలో ఊడ్చే పని నుంచి గేట్ల కాపలా దాకా అంతా బాపు వాళ్ళ కంపెనీదే. నిన్న సాయంత్రం మొదటి మ్యాచ్‌కు బాపు మమ్మల్ని కూడా తీసుకెళ్ళాడు. వేల కుర్చీలు. వాటిలో మేము, ఆటగాళ్ళ చుట్టాలు కొందరు, ఇంకా ఎవరో ఇద్దరు ముగ్గురు. నీళ్ళ సీసాలు అమ్మే అతను కాసేపటికి తనే కూర్చుని ఆట చూశాడు.

శనివారం తెలుగు క్లాసులో టీచర్ రోజుకు ఒక మాటను పట్టుకోమన్నారు. నిన్న నేను "బోసి" పట్టుకున్నాను. బోసి నోరు, బోసి మెడ. బోసి మైదానం అని ఎవరైనా అన్నారో లేదో తెలియదు. నేను అన్నాను.

ఆట ముగిశాక ఆటగాళ్ళు మైదానం చుట్టూ నడుస్తూ ప్రేక్షకులకు చప్పట్లు కొట్టడం వాళ్ళ ఆచారమట. నిన్న వాళ్ళు ఖాళీ కుర్చీలకు చప్పట్లు కొట్టుకుంటూ నడిచారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మకు నవ్వొచ్చింది.

ఆ ఖాళీ కుర్చీల ఫొటోలు అన్నిచోట్లా వచ్చాయట. మీ దగ్గర ఇంతమంది పనివాళ్ళున్నారు కదా, కుర్చీలు నింపమని పోటీలు నడిపేవాళ్ళు సమీయుల్లా సార్ మీద పడ్డారట. అందుకని వచ్చే రెండు శుక్రవారాలు కంపెనీ కూలీలుండే క్యాంపులోని మనవాళ్ళను బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టాలని ఆయన ఆలోచన. బిర్యానీ ప్యాకెట్, పసుపు టీషర్టు ఇస్తారు. ఆ క్యాంపు బాగోగులు చూసే క్యాంప్ బాస్ బాపే కాబట్టి తేవాల్సింది బాపే.

"నేను చెప్తే డ్యూటీ అనుకుంటరు. మీ బిడ్డ తెలుగుల చెప్తే పిలిచినట్టు ఉంటది," అన్నాడు. తర్వాత, అదే నవ్వు ముఖంతో, "కుర్సీలు నిండకపోతే ఈ కాంట్రాక్ట్ పోతది, భాయ్. అప్పుడు నీకు దూరంగున్న ఇబ్రి సైట్ ఒక్కటే మిగుల్తది. ఆడ అన్నీ బ్యాచిలర్ రూములే, ఫ్యామిలీకి జగా లేదు," అన్నాడు.

బాపు కూడా నవ్వాడు. 

వాయిస్ మెసేజ్ రాసి, చదివి, రికార్డు చేశాం. "అన్నలారా, మామలారా, బాబాయిలారా! వారమంతా మీ చెమట చూసిన ఈ దేశం, శుక్రవారం మీ చప్పట్లు వినాలి." ఈ వాక్యం నాదే. మైదానం జనసంద్రం కావాలి అని కూడా చేర్చాను. సమీయుల్లా సార్ "జనసంద్రం అంటే?" అని అడిగి, తెలుసుకుని, రెండుసార్లు పలికాడు.

పన్నెండో తరగతి మధ్యలో ఇక్కణ్ణుంచి వెళ్ళిపోవాల్సి వస్తే పరీక్ష సంగతేమిటని బాపును అడగలేదు. నాకేం భయం లేదు.

అక్టోబర్ 4, శనివారం

జనం, జనసంద్రం, జనవాహిని, జనసమూహం, మంది. "మంది" అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే నిజమైనది.

అక్టోబర్ 7, మంగళవారం

బడి నుంచి వచ్చేసరికి బీరువా మీది పెద్ద సూట్‌కేసు కింద ఉంది. దుమ్ము దులపడానికి దింపానంది అమ్మ. దులిపినట్టే ఉంది. మళ్ళీ పైన పెట్టలేదు.

అక్టోబర్ 10, శుక్రవారం

ఇవాళ్టి సంగతంతా రాయాలి. చేయి నొప్పి పుట్టినా రాయాలి.

మధ్యాహ్నం బస్సులు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి. దిగిన వాళ్ళందరికీ పసుపు టీషర్టులు. నాకు మైదానం పక్కన, నీడ స్టాండు కింద ఒక మైకు ఇచ్చారు. అరబ్బీలో ఒకాయన, ఇంగ్లీషులో ఒకామె, తర్వాత తెలుగులో నేను. నా గొంతు పెద్ద స్పీకర్లలో నాకే వెనక్కి వచ్చి తగిలింది.

ముందు వరుసలో ఇస్తారి మామ కూర్చున్నాడు. బాపు వాళ్ళ ఊరి మనిషి. బాపును మొదట ఈ దేశం తీసుకొచ్చిందీ, తన పక్క మంచం ఇప్పించిందీ ఆయనే. ఆగస్టులో సైట్ మీద ఎండకు పడిపోయాడు. ఆసుపత్రిలో ఉంచారు. ఇంకోసారి ఇట్లా అయితే గుండె తట్టుకోదు, ఎండకు దూరంగా ఉండాలని డాక్టర్ చెప్పాడు. అప్పటి నుంచి బాపు ఆయనను క్యాంపు గేటు దగ్గర, క్యాబిన్ డ్యూటీలో పెట్టాడు.

"శ్రీలతా! ఇదేం ఆట బిడ్డా, ఒక్కని మీద అంతమంది పడుతున్నరు?"

నేను ఇంగ్లీషు ఆమెను అడిగి చెప్పాను. జట్టుకు పదమూడు మంది. బంతి పట్టుకుని ఉరకాలి. అవతలివాళ్ళు ఆరుసార్లు పట్టి ఆపితే బంతి వాళ్ళకు ఇచ్చేయాలి.

మామ కాసేపు చూశాడు. తర్వాత తొడ చరిచాడు.

"అరే, ఇది మన కబడ్డీయే కదరా! కూత లేదు, చెండు ఉన్నది. గంతే తేడా!"

ఆ మాట వరుస నుంచి వరుసకు పాకింది. తర్వాత ఎవడు బంతి పట్టుకుని ఉరికినా స్టాండంతా ఒక్క గొంతుతో "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అని కూత. పట్టేస్తే "ఔట్!" అని అరుపు. "కాలు పట్టురా, కాలు పట్టు! నడుం పట్టి ఏం చేస్తవ్, పెండ్లి ఫొటో దిగుతున్నవా?" అని వెనక నుంచి ఎవరో. ఇంగ్లీషు ఆమె నన్ను, "వాళ్ళు ఏమంటున్నారు?" అని అడిగింది. "ప్రోత్సహిస్తున్నారు," అన్నాను.

బిర్యానీకి వచ్చినవాళ్ళు బిర్యానీ ప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకుని మర్చిపోయారు.

ఆట అయ్యాక ఆటగాళ్ళు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగి మా స్టాండు ముందు ఆగారు. ఈసారి మనుషులకే కొట్టారు. తల మీద కట్టు ఉన్న ఒక పొడుగు ఆటగాడు రెయిలింగు మీంచి చెయ్యి చాపి ఇస్తారి మామ చెయ్యి పట్టుకుని ఊపాడు. మామ ఆ చేతిని తర్వాత చాలాసేపు చూసుకున్నాడు.

"ఇన్నేండ్లల్ల ఈ దేశంల నాకు ఎదురొచ్చి చెయ్యి కలిపినోడు వీడొక్కడే బిడ్డా."

జనసంద్రం! నా మాట నిజమైంది. బాపు ఇంటికి వచ్చేటప్పుడు కారులో పాట కూనిరాగం తీశాడు. నాకేం భయం లేదని ఇవాళ నిజంగానే రాస్తున్నాను.

అక్టోబర్ 11, శనివారం

టీవీలో నిన్నటి ఆట మళ్ళీ వేస్తే చూశాం. చూసి బాపు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

కుర్చీలన్నీ ఖాళీ.

మనవాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి, కూత వినిపిస్తోంది, మనిషి ఒక్కడూ కనిపించడు. బోసి కుర్చీలు అరుస్తున్నట్టు ఉంది.

ఎందుకో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. కెమెరా ఉన్నది పడమటి స్టాండు పైకప్పు కింద. అది చూసేది ఎదురుగా ఉన్న తూర్పు స్టాండును. మధ్యాహ్నం ఎండ పడేది తూర్పు స్టాండు మీద. మనవాళ్ళు బస్సు దిగీ దిగగానే ఎవరూ చెప్పకుండానే నీడ వైపు నడిచారు. కెమెరా కిందికి. రోజూ ఎండలో పనిచేసేవాళ్ళు ఇంకెక్కడికి నడుస్తారు? మైకు దగ్గర నిలబడ్డ నేను కూడా నీడలోనే ఉన్నాను. కెమెరా ఎటు చూస్తోందో సమీయుల్లా సార్‌కు కూడా తట్టలేదు.

ఫోన్ వచ్చింది. బాపు వంటింట్లోకి వెళ్ళి మాట్లాడాడు. "జీ సార్. గల్తీ అయింది సార్. జీ." మాట్లాడినంతసేపూ ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ పెట్టేశాక కూడా చెయ్యి తీయలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

వచ్చే శుక్రవారం ఫైనల్. అందరినీ తూర్పు స్టాండులో కూర్చోబెట్టాలని సమీయుల్లా సార్ హుకుం. నీడ స్టాండుకు తాళం. ఆ స్టాండు మధ్యలో పెద్ద అధికారులు కూర్చునే గదులకు దారి వేరే ఉంది. ఆట పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు, లేస్తే కెమెరాలో ఖాళీ కనబడుతుంది.

"ఎండ సార్," అని బాపు అన్నాడట.

"సైట్ మీద రోజూ ఎండలనే ఉంటరు కదా భాయ్. ఇక్కడ కూర్సోనే కదా ఉండేది. నువ్వు ఆలోచించుకో. ఇబ్రిల మనిషి కావాలని రోజూ అడుగుతున్నరు."

నాకు కొత్త మెసేజ్ రాయమని వచ్చింది. రాశాను. "మామలారా, అన్నలారా, ఈసారి లోకమంతా మిమ్మల్ని చూడాలి. కెమెరాకు ఎదురుగా ఉన్న స్టాండులో మీకోసం ప్రత్యేక స్థానాలు." ఎండ అన్న మాట ఎక్కడా రాలేదు. రాయకూడదని కాదు. వాక్యంలో దానికి చోటు కుదరలేదు.

ప్రత్యేక స్థానాలు అన్నది అబద్ధం కాదు. అవి ప్రత్యేకమే.

అక్టోబర్ 13, సోమవారం

వాక్యంలో చోటు కుదరకపోవడం ఏమిటి. కుదిరించొచ్చు.

అక్టోబర్ 14, మంగళవారం

సాయంత్రం ఇస్తారి మామ వచ్చాడు. అప్పుడే పసుపు టీషర్టు వేసుకున్నాడు. ఆయనకు అది కొంచెం పొడుగు. అమ్మ నవ్వి అడిగింది:

"ఇప్పటినుంచే ఏసుకున్నవేంది మామా? శుక్రవారం కదా."

"అలవాటు చేస్తున్న. లోకమంత చూస్తదని బిడ్డ చెప్పింది. మా సత్తవ్వకు ఫోన్ చేసి చెప్పిన, టీవీల నన్ను చూడుమని. ఆ కట్టు పిల్లగాడు ఫైనల్ ఆడుతున్నడట. వానితోని చెయ్యి కలపాలె."

సత్తవ్వ అంటే మామ భార్య. ఊళ్ళో ఉంటుంది.

"మామా," అన్నాను. "అటు దిక్కు ఎండ ఉంటది."

"ఉండనీ. నువ్వు పిలిస్తే రాకపోతనా బిడ్డా? తలకు తువ్వాల కట్టుకుంట."

"డాక్టర్ చెప్పిండు కదా."

"డాక్టర్ శాన చెప్తరు. రావద్దంటే నేను ఊకోను," అని నా నెత్తిన చెయ్యి వేసి, బాపు వైపు చూసి, "మీ బాపుకు చెప్పకు, నేను గుండె మాత్తర ఏసుకుంటలేనని. అది ఏసుకుంటే నిద్రొస్తది, గేటు డ్యూటీల నిద్రపోతే మాట వస్తది," అన్నాడు. బాపు అక్కడే ఉన్నాడు. అందరికీ వినబడింది. మామే ఒక్కడు నవ్వాడు.

ఆయన వెళ్ళాక బాపును అడిగాను.

"మామ ఒక్కన్నన్న నీడకు పంపొచ్చు కదా?"

"ఒక్కన్ని పంపితే, మాకెందుకు ఎండ అని మిగిలినోళ్ళు అడుగుతరు. ఏం చెప్పాలె?"

"నిజమే చెప్పొచ్చు."

బాపు నా మీద ఎప్పుడూ అరవడు. ఇవాళ కూడా అరవలేదు. "నీ పరీక్ష ఎప్పుడు?" అన్నాడు అంతే.

అక్టోబర్ 15, బుధవారం

రాయాలని లేదు. మాటలన్నీ చెడ్డగా కనిపిస్తున్నాయి.

కలలో ఇస్తారి మామ టీవీలో కనిపించాడు. కుర్చీలన్నీ నిండుగా ఉన్నాయి. అందరూ కూత పెడుతున్నారు. ఆయన ఒక్కడు కూత ఆపేశాడు. కబడ్డీలో కూత ఆగితే ఔట్.

అక్టోబర్ 16, గురువారం

ఇవాళ బడి నుంచి నేరుగా మైదానానికి వెళ్ళాం, బాపూ నేనూ. మైకు సరిచూడాలని పిలిచారు. సమీయుల్లా సార్ నా చేతికి రేపు చదవాల్సింది ఇచ్చాడు. కూర్చోండి, లేవకండి, జెండాలు ఊపండి, కెమెరా తిరిగినప్పుడు చేతులెత్తండి. అన్నీ ఆజ్ఞలే. నిఘంటువులో చూస్తే "విన్నపం" పక్కన కూడా ఇవి నిలబడవు.

"మంచిగ చదువు బేటీ. రేపు పెద్ద పెద్దోళ్ళు వస్తరు. నీ ఆవాజ్ తోనే మీ నాయిన నౌకరీ," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆట మొదలయ్యే వేళకు ఎండ ఎలా ఉంటుందో చూడాలనిపించింది. తూర్పు స్టాండుకు నడిచి ముందు వరుసలో కూర్చున్నాను. స్కర్టులోంచే కుర్చీ చురుక్కున కాల్చింది. లేచి బ్యాగు పరుచుకుని మళ్ళీ కూర్చున్నాను. కూర్చుని ఒక పద్యం మొత్తం మనసులో చదువుకుందామనుకున్నాను. రెండో పాదం దగ్గర కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది. నా గుండె చప్పుడు నా చెవుల్లో వినబడింది. నాకు పదిహేడేళ్ళు. మందులు మానేసిన మనిషిని కాదు.

దూరంగా నీడ స్టాండు గేటు దగ్గర బాపు నిలబడి నన్నే చూస్తున్నాడు. రమ్మనలేదు. చెయ్యి ఊపలేదు. చూస్తూ నిలబడ్డాడు. నేను లేచి వచ్చేదాకా.

ఇంటి దగ్గర కారు ఆపాక ఆయన స్టీరింగు వదలకుండా అన్నాడు:

"నేను వచ్చిన కొత్తల ఒకసారి జ్వరమొచ్చింది నాకు. సూపర్‌వైజర్ లేవమన్నడు. ఇస్తారి మామ నా డ్యూటీ కూడా ఆయనే చేసిండు. రెండు డ్యూటీలు. ఎండల. ఎవనికీ చెప్పలే."

బ్యాగు తీసుకుని ఆయన వెనకే మెట్లెక్కాను.

ఇంటికి వచ్చాక బాపు జేబులోంచి పచ్చదారం కట్టిన తాళంచెవి తీసి బల్ల మీద, నా పుస్తకాల పక్కన పెట్టాడు.

"రేపు నాకు శాన పనులుంటయి. యాడనన్న పడేస్తనేమో. నీ బ్యాగుల పెట్టుకో."

"ఇది ఏ గేటుది బాపూ?"

బాపు చొక్కా గుండీలు విప్పుకుంటూ గోడ వైపు తిరిగాడు.

"నీడ దిక్కుది."

తెరవమనీ అనలేదు, తెరవద్దనీ అనలేదు. అమ్మ చపాతీ పిండి కలుపుతూ అంతా విన్నది. కాసేపయ్యాక, మా ఇద్దరినీ చూడకుండా, "ఊర్ల మనింటి నల్లకు నీళ్ళొస్తున్నయో లేదో ఫోన్ చేసి అడగాలె," అంది. బాపు "అడుగు" అన్నాడు.

సూట్‌కేసు తలుపు పక్కనే ఉంది. ఇవాళ దాని మీద నా ఇస్త్రీ బట్టలు ఉన్నాయి.

నాకు భయంగా ఉంది. ఇన్నాళ్ళూ లేదని రాశాను, ఉంది. పరీక్ష పోతుందని భయం. బాపు మెడ ఇంకాస్త వంగుతుందని భయం. సమీయుల్లా సార్ పరుగెత్తుకొచ్చి మైకు లాక్కుంటాడని భయం. రేపు లోకమంతా మళ్ళీ ఖాళీ కుర్చీలే చూస్తుంది. ఆ కట్టు ఆటగాడు ఎదురు స్టాండును చూసి ఎవరూ రాలేదనుకుంటాడేమో. అనుకోడు. కూత వింటాడు. తిరిగి చూస్తాడు.

గేటు తీశాక మైకులో ఏం చెప్పాలో ఇందాకటి నుంచి రాసి కొట్టేస్తున్నాను. "ప్రియమైన శ్రామిక సోదరులారా" కొట్టేశాను. "మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం" కొట్టేశాను. చివరికి మిగిలింది ఇంతే: "లేవండి. నీడకు రండి. గేటు తెరిచి ఉంది." పిలవడానికి ఇంతకంటే పెద్ద మాటలు అక్కర్లేదు. అరబ్బీ ఆయనకూ ఇంగ్లీషు ఆమెకూ అర్థమయ్యేలోగా మనవాళ్ళు సగం దారి దాటి ఉంటారు. మామ రానంటే పేరు పెట్టి పిలుస్తాను. నేను పిలిస్తే రాకుండా ఉండడు. ఆయనే అన్నాడు.

రేపు పొద్దున అమ్మ లేవకముందే లేవాలి. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసి గొంతు పుక్కిలించాలి. తాళంచెవి బ్యాగులో కాదు, చున్నీ కొసకు ముడి వేసుకోవాలి. బాపుతో మొదటి బస్సులోనే వెళ్ళి, ఎవరూ రాకముందే ఆ తాళం తిరుగుతుందో లేదో ఒకసారి చూసుకోవాలి.